అంతరించిన చెక్కభజనను లెక్కపెట్టబోయి

మా అమ్మకు నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ తెలియదు. చుట్టాలు అడిగితే "నాటకాలకు మార్కులు వేస్తుంది" అని చెబుతుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఎవరో ఒక దాత ఏదో ఒక కళకు డబ్బు ఇస్తాడు. ఆ డబ్బుతో కళ బాగుపడిందా లేదా అని కనుక్కోవడానికి మాలాంటి వాళ్లకు ఇంకొంత డబ్బు ఇస్తాడు. ఒక్కోసారి ఈ రెండోదే ఎక్కువ ఉంటుంది. మేం ఆ ఊరికి వెళ్లి, పాట విన్నవాళ్లను వరసగా కూర్చోబెట్టి, ఎంత ఆనందం కలిగిందో ఒకటి నుంచి ఐదు లోపు ఒక అంకె చెప్పమంటాం. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో ఒక్క పాటనూ చివరిదాకా విన్న గుర్తు లేదు. పాట సగంలో ఉండగానే లేచి కాగితాలు పంచాలి.

ఈ ఏడాది చలి తగ్గే రోజుల్లో కర్నూలు నుంచి కడప దాకా నాలుగు రోజులు తిరిగి వచ్చాను. బెంగళూరులోని ఒక ఫౌండేషన్ "అంతరించే కళల పునరుద్ధరణ" అనే పేరుతో మూడేళ్లు ఆ ప్రాంతానికి సాయం చేసింది. ఆ సాయం ఫలించిందో లేదో చూసి రావడం నా పని. మాది భీమవరం పక్క పల్లె. కాలవ కనపడకపోతే నాకు దిక్కులు తెలియవు. కాలవలు లేని చోట ఎలా తిరిగానో, ఎక్కడ బోల్తా పడ్డానో, అటు పోనివాళ్ల కోసం రాస్తున్నాను.

కర్నూలు

పొద్దున్నే రైలు దిగి, స్టేషను బయట ఒక బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులంటే మా వైపు మరమరాలు, పిల్లలు జేబులో పోసుకునేవి. ఇక్కడ వాటిని నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి పెద్దవాళ్ల ఫలహారం చేశారు. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కొరికిన తర్వాత కాసేపు నాకు ఎవరి మాటా వినపడలేదు.

కొత్త ప్రశ్నావళిని ఎవరిమీదనన్నా ఒకసారి ప్రయోగించి చూడటం మా పద్ధతి. పక్కన తింటున్న పెద్దమనిషిని అడిగితే సరేనన్నాడు. బట్టల దుకాణం శెట్టిగారట. గత ఏడాదిలో మీరు ఎన్ని సాంస్కృతిక కార్యక్రమాల్లో పాల్గొన్నారు అన్నది మొదటి ప్రశ్న. ఒక్కటీ లేదన్నాడు, దుకాణంతోనే సరిపోతుందట. సున్నా వేసుకున్నాను. తర్వాత మాటల్లో తెలిసింది. ఆయన వినాయక చవితికి తొమ్మిది రోజులూ హార్మోనియం వాయిస్తాడు. పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ అలయ్ అడుగులు తొక్కుతాడు. దసరాకు వాళ్ల వీధి నాటకంలో ఆయనే ధర్మరాజు. ఇన్ని ఉండగా సున్నా ఎందుకు చెప్పారని అడిగాను.

"అవి పండగలు గదా మేడమ్. మీరు అడిగింది కార్యక్రమాలు," అన్నాడు.

సున్నా కొట్టేయడానికి ఫారంలో వీలు లేదు. అలాగే ఉంచాను.

ఓర్వకల్లు

మధ్యాహ్నం బస్సులో ఓర్వకల్లు వైపు వెళ్లాను. ఎవరో ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టు బండరాళ్లు ఒకదానిమీద ఒకటి నిలబడి ఉన్నాయి. ఒకవైపు విమానాశ్రయం, ఒకవైపు ఫ్యాక్టరీలకు కేటాయించిన నేల, నడుమ గొర్రెలు. అక్కడ ఒక పల్లెలో ఆడవాళ్లకు ఫౌండేషన్ వారు కోలాటం కర్రలు ఇచ్చారు. వాళ్ల పెద్ద ఈరమ్మ నన్ను చూడగానే చాప పరిచి, పన్నెండు మందిని వరసగా కూర్చోబెట్టి, నా చేతిలో కాగితాలు తానే తీసుకుని పంచేసింది. మరుగుదొడ్లకు, పొదుపు సంఘాలకు, పిల్లల బరువుకు, ఇలా ఎందరో అధికారులు వచ్చి అడిగిపోయారట. నాకంటే ఆమెకే అనుభవం ఎక్కువ.

అన్ని ప్రశ్నలకూ అందరూ నాలుగే వేశారు. అలా ఎలా కుదిరిందని ఈరమ్మను అడిగాను.

"ఐదు ఏస్తే మీరు నమ్మరు. మూడు ఏస్తే మళ్లా వస్తారు," అంది.

పరిశోధనా పద్ధతుల మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటిలో ఇదే చిన్నది, ఇదే ఉపయోగపడేది. తర్వాత ఆమె నా గురించి విచారించింది. ఇట్ల అడిగి పోయేదానికి నాకు దుడ్లు ఇస్తారా అంది. ఇస్తారన్నాను. ఇంటికాడ పిల్లలను ఎవరు చూస్తారంది. పెద్దవాళ్లయ్యారని చెప్పాను. అయినా ఆమె ముఖంలో జాలి పోలేదు. మజ్జిగ తాగించి బస్సెక్కించింది.

మైదుకూరు దారిలో

రెండో రోజంతా బస్సే. నంద్యాల దాటాక నేల నల్లబడింది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లలో ఉలి దెబ్బలు, సగం చెక్కిన దేవుళ్లు, పూర్తయిన నాయకులు. పక్కసీటులో ఒకామె చుట్టాలింటికి వెళుతూ ఒళ్లో ఓళిగల డబ్బా పెట్టుకుంది. మా వైపు వీటినే బొబ్బట్లు అంటాం అన్నాను. మా బొబ్బట్టు దళసరి, వీళ్ల ఓళిగ పల్చన. మీవి తినేకి పళ్లు గట్టిగా ఉండల్లేమో అని ఆమె నవ్వి, నాకు రెండు ఇచ్చింది. ఈ ప్రయాణం మొత్తంలో నేను ప్రశ్నావళి తీయని ఇద్దరు ముగ్గురిలో ఆమె ఒకతి. అందుకేనేమో ఆమె చెప్పినవన్నీ గుర్తున్నాయి.

ముగ్గురు ముసలివాళ్లు

మూడో రోజు మైదుకూరు దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. ఆ ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది. చెక్కభజన అంటే చేతుల్లో చెక్క తాళాలు, కాళ్లకు గజ్జెలు వేసుకుని, పాడుతూ గుండ్రంగా తిరుగుతూ వేసే అడుగులు. ఎక్కువగా రామకథ పాటలు. ఆ ఊరిలో భజన గురువు మస్తానప్ప. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. వాళ్లది దూదేకుల కుటుంబం. పరుపులు కుట్టి బతికాడు, రాముడి పాటలు నేర్పుతూ పెద్దవాడయ్యాడు. మా ఫారంలో "ఈ కళ ఏ మతానికి చెందినది" అని ఒక ప్రశ్న, కింద గడులు ఉన్నాయి. ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి. ఏం పెట్టమంటారని అడిగితే, ఆయన ఆ కాగితాన్ని కాసేపు చూసి, నాకు ఏది సులువైతే అది పెట్టుకోమన్నాడు.

బడి వరండా ముందు ఆయన, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు గజ్జెలు కట్టి ఆడారు. నాలుగు అడుగులకు ఒకాయనకు ఆయాసం వచ్చింది. ఇంకొకాయన మోకాలు పట్టుకున్నాడు. ఊరిలో ఇంకెవరూ ఆడరా అని అడిగాను. మస్తానప్ప నేలచూపులు చూస్తూ, శానా తక్కువ అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "చివరి ముగ్గురు" అని రాసుకుని దాని కింద గీత గీశాను. నివేదికకు ఇంతకంటే మంచి మొదటి వాక్యం దొరకదని లోపల సంతోషం కూడా కలిగింది. అది దాచను.

మధ్యాహ్నం ఆయన భార్య హుసేన్‌బీ రాగి సంగటి, నాటుకోడి పులుసు, శెనక్కాయల చట్నీ పెట్టింది. సంగటి ముద్దను నమలకూడదు, పులుసులో అద్ది మింగాలి. నేను నమిలాను. ఆమె నీళ్ల చెంబు దగ్గరికి జరిపింది. ఆ గదిలో మూలన నాలుగు గోనె సంచుల నిండా గజ్జెలు ఉన్నాయి. "గత వైభవానికి మౌన సాక్ష్యాలు" అని రాసుకున్నాను. వాటికి దుమ్ము ఎందుకు లేదో ఆలోచించాలని నాకు తోచలేదు.

కళ్లద్దాలు

సాయంత్రం మైదుకూరు లాడ్జికి తిరిగి వచ్చి కాగితాలు సర్దుతుంటే వాటి మధ్య మస్తానప్ప కళ్లద్దాలు దొరికాయి. సంతకం పెట్టడానికి పెట్టుకుని ఫైలులోనే వదిలేసినట్టున్నాడు. మర్నాడు నేను కడప వెళ్లిపోవాలి. అద్దాలు లేకపోతే ఆయన సూదిలో దారం ఎక్కించలేడు. పొద్దు పొడవకముందే టమోటా గంపలు వేసుకుని పోతున్న ఆటో ఒకటి పట్టుకుని ఆ ఊరికి బయలుదేరాను. ఫోను చేసి నిద్ర లేపడం ఎందుకని చెప్పకుండానే వెళ్లాను.

ఊరు ఇంకా రాకముందే చప్పుడు వినిపించింది. ఏదో మిల్లు ఆడుతోందనుకున్నాను. ఆటో అతను, మిల్లు కాదు, మన భజనోళ్లు అన్నాడు.

బడి ఆవరణలో ముప్పై మందికి పైగా ఆడవాళ్లు రెండు వలయాలుగా తిరుగుతున్నారు. కొంగులు బిగించి, కాళ్లకు గజ్జెలు కట్టి ఉన్నారు. కూలికి పోయే క్యారియర్లు గోడ వెంట వరసగా పెట్టి ఉన్నాయి. లోపలి వలయం కుడికి, బయటి వలయం ఎడమకు తిరుగుతుంటే చెక్కలన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. మధ్యలో మస్తానప్ప నిలబడి పాట అందిస్తున్నాడు. ముందురోజు నేలచూపులు చూసిన మనిషేనా అనిపించింది. ఆయాసం వచ్చిన ముసలాయన గోడ మీద కూర్చుని, ఆయాసం లేకుండా, తప్పు అడుగు వేసిన వాళ్లను పేరు పెట్టి తిడుతున్నాడు.

ఆ పాటను చివరిదాకా విన్నాను. పంచడానికి చేతిలో కాగితాలు లేవు.

పాట ముగిసి వెనక్కి తిరిగినప్పుడు వాళ్లు నన్ను చూశారు. ఇద్దరు ముగ్గురు గబగబా గోడ వెనక్కి పోబోయారు. లోపలి వలయంలో ఉన్న ఒకామె మాత్రం కదలలేదు. పేరు మాబున్నీ. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. ఊరిలో రవికెలు కుడుతుంది, ఈ దళాన్ని నడిపేది ఆమె. మస్తానప్ప నా దగ్గరికి వచ్చి కళ్లద్దాలు తీసుకుని, తుడుచుకుని, పెట్టుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. ముందురోజు కార్చిన కన్నీళ్లు వృథా అయినందుకు వచ్చిన కోపమని ఇప్పుడు తెలుస్తోంది. మమ్మల్ని ఎందుకు మోసం చేశారని అడిగేశాను.

ఆయన ఇంట్లోకి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో మూడేళ్ల కిందటి నివేదిక ఉంది. ఒక పేజీ తీసి చూపించాడు. ఈ ప్రాంతంలో చెక్కభజన అంతరించే దశలో ఉందని, కొద్దిమంది వృద్ధులే మిగిలారని అందులో ఉంది.

"అంతరిస్తాండాదని మేం చెప్పలేదమ్మా. మీ కాయితమే చెప్పింది. దాని మీదనే దుడ్డు వచ్చింది. మేం శానామంది ఉండామంటే ఆ దుడ్డు నిలిచిపోతాది గదా. దాంతోనే ఈ పిల్లలకు గజ్జెలు కొన్నా, పోటీలకు వ్యాను మాట్లాడతాండా. నేను ఒక్క పైసా తినలేదు," అన్నాడు.

ఆ వాక్యం నాదే. మూడేళ్ల కిందట హైదరాబాదులో కుర్చీలో కూర్చుని మూడు నంబర్లకు ఫోను చేశాను. ఒకటి పనిచేయలేదు. ఒకరు ఎత్తలేదు. మూడో ఆయన, ఈ ఏడు వానలు లేవు, జనం ఊర్లో లేరు అన్నాడు. ఆయన అన్నది పనులకు వలస పోయారని. నేను కళ పోయిందని రాసుకున్నాను. మూడింట రెండు వంతులు జవాబు రాకపోవడాన్ని క్షీణత కింద లెక్కకట్టినట్టు కూడా గుర్తు. ఆ మూడో నంబరు మస్తానప్పదే. ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. గొంతు నిన్ననే ఆనవాలు పట్టాడట. పెద్దమనిషి మర్యాదకు ఊరుకున్నాడు.

మాబున్నీ మాత్రం ఊరుకోలేదు.

"మూడేండ్లుగా మీవాళ్లు వచ్చే దినం మా గురువు మమ్మల్ని ఇండ్లల్లో దాపెడతాండాడు మేడమ్, దొంగ సరుకు మాదిరి," అంది. కళాకారుల గుర్తింపు కార్డు కోసం వాళ్లు రెండుసార్లు అర్జీ పెట్టారట. మీ వైపు ఈ కళలో కొద్దిమంది ముసలివాళ్లే మిగిలారని నివేదిక ఉంది, మీరెక్కడి నుంచి వచ్చారు అని సాంస్కృతిక శాఖ ఆఫీసులో వెనక్కి పంపేశారట. "దుడ్డు పోతే పోనీ. మేం ఉండామని రాయండి," అంది.

మస్తానప్ప ఆమె మీద కేకలు వేశాడు. ఎండలో పడి సంపాదించిన కూలి డబ్బులతో గజ్జెలు కొంటారా, వ్యాను మాట్లాడతారా అన్నాడు. కొంటాం అంది ఆమె. వెనక ఉన్నవాళ్లలో కొందరు గురువు వైపు, కొందరు ఆమె వైపు మాట్లాడారు. పనులకు పొద్దు పోతోందని ఇంకొందరు అరిచారు. ఇలాంటి సందర్భానికి మా ఫారంలో ప్రశ్న లేదు.

చివరికి ఒక ముసలామె ముందుకు వచ్చి, క్యారియర్ చేత్తో పట్టుకునే, తన పేరు, ఇంటిపేరు చెప్పి రాసుకోమంది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. నేను నోటుబుక్కు తీశాను. ముప్పై ఒక్క మంది చెప్పారు. ఇంటిపేర్లు నేను తప్పుగా రాస్తుంటే మస్తానప్ప పక్కన కూర్చుని, కొత్తగా తుడిచిన అద్దాల్లోంచి చూసి, ఒక్కొక్కటే దిద్దాడు. అంతా అయ్యాక, మిగతా ఇద్దరు ముసలివాళ్ల పేర్లు, అట్టడుగున తన పేరు రాయమన్నాడు.

కడప

కడపలో ఫౌండేషన్ అధికారి వినీత్ నన్ను ఒక హోటల్లో కలిశాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు, తెలుగు కొంచెం కొంచెం వచ్చు. ఎర్రకారం దోసె తెప్పించి, మొదటి ముక్కకే కళ్లు తుడుచుకున్నాడు. నేను జరిగిందంతా చెప్పి, పేర్ల జాబితా ఇచ్చాను. నివేదిక మొదటి పేజీలోనే మొదటి అంచనా తప్పు అని రాయాలన్నాను.

అతను జాబితా లెక్కపెట్టి, ముఖం వికసించి, మూడేళ్లలో ముగ్గురి నుంచి ముప్పై నాలుగు అన్నాడు. ఇంత గొప్ప పునరుద్ధరణ తమ కార్యక్రమంలో ఇంకెక్కడా లేదట. వాళ్లు ముందునుంచే ఆడుతున్నారని చెప్పాను. దానికి ఆధారం ఏమిటన్నాడు. మొదటి నివేదికలో వాళ్లు లేరు కదా అన్నాడు. ఆ నివేదిక తప్పు అన్నాను. అది రాసిన సంస్థకు చెడ్డపేరు వస్తుందేమో చూసుకోమన్నాడు.

"ఆ సంస్థ మాదే," అన్నాను.

అతను ఇంకో రెండు కాఫీలు చెప్పాడు. సాయంత్రం దాకా వాదించుకున్నాం. చివరికి ఆడవాళ్ల ఫొటో, పేర్ల జాబితా మొదటి పేజీలోకి వచ్చాయి. ఫొటో బాగుందని అతనే అన్నాడు. నా తప్పొప్పుకోలు చివరన ఏడో అనుబంధంలోకి పోయింది. ఏడో అనుబంధాన్ని ఈ వృత్తిలో ఎవరూ చదవగా నేను చూడలేదు. అయినా దానికి ఒప్పుకున్నాను. గొప్పగా చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

తిరిగి వచ్చాక

లక్ష్యం నెరవేరింది కనుక సాయం ఆపేస్తున్నామని ఫౌండేషన్ వారు ఊరికి ఒక ప్రశంసాపత్రం పంపారు. మాకు వాళ్లనుంచి మళ్లీ పని రాలేదు. అచ్చయిన ఆ మొదటి పేజీ పట్టుకుని మాబున్నీ ఆఫీసు చుట్టూ నెలన్నర తిరిగింది. ఆడవాళ్లలో ఇరవై ఆరు మందికి కార్డులు వచ్చాయి. మిగతా ఐదుగురికి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, మా జాబితాలో ఒకలా ఉందని ఆపారు. మస్తానప్ప దిద్దినదే సరైనదని నేను ఉత్తరం రాసి ఇచ్చాను. ఇంకా తేలలేదు.

పోయిన వారం మస్తానప్ప ఫోను చేశాడు. గొంతులో కంగారు ఉంది. ఇంకెవరో కొత్త దాతల నుంచి ఫారం వచ్చిందట, మహిళా కళాదళాలకు సాయం చేస్తారట.

"ఆడోళ్ల దళమైతేనే ఇస్తారంట. మగోళ్లం మేం ముగ్గురం ఉండామని తెలిస్తే ఎట్లమ్మా? మేం యాడ దాక్కోవల్ల?" అన్నాడు. పరిహాసం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

ఇంతలో ఫోను మాబున్నీ చేతికి పోయింది. ఫారం నిన్ననే పంపేశానంది. ముప్పై నాలుగు పేర్లూ రాసిందట, గురువు పేరు అందరికంటే పైన.

"ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. చూడల్లంటే తెల్లారి ఐదుకు రమ్మని రాసినా అక్కా. ముందుగా చెప్పి రావద్దని కూడా రాసినా," అంది.